గంగారాం ఫొటోకి కొత్త అద్దం

బాన్సువాడ వెళ్లొచ్చానంటే తెలిసినవాళ్లంతా అడిగిన మాట ఒకటే: "అక్కడ చూడ్డానికేముంది?" నిజాంసాగర్ ఉందిగా అని తప్పించుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే నేను ఆ ప్రాజెక్టు గట్టైనా ఎక్కలేదు. నేను వెళ్లింది చనిపోయిన ఒక మనిషి ఫొటోకి అద్దం మార్చడానికి. ఆ మాత్రం పనికి హైదరాబాదు నుంచి బస్సెక్కి వెళ్లాలా అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. నేనూ మెదక్ దాకా అలాగే అనుకుంటూ వెళ్లాను.

ముందు నా సంగతి చెప్పాలి. మాది గోదావరి జిల్లా. ఉద్యోగం హైదరాబాదులో, అద్దాల మీద సన్నని పూతలు పూసే ప్రయోగశాలలో. మామూలు అద్దం మీద వెలుతురు పడితే అంతా లోపలికి పోదు, కొంత వెనక్కి తిరిగొస్తుంది. అందుకే అద్దంలో మన మొహం, మన వెనకున్న కిటికీ కనిపిస్తాయి. ఆ తిరిగొచ్చే వెలుతురును ఆపడం మా పని. వెంట్రుకను నిలువునా కొన్ని వందల పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొర ఎంతుంటుందో, అంత పలచని పూత అద్దానికి రెండువైపులా పూస్తాం. పైన నున్నగా కనిపించినా, లోపల అట్టుకు పడ్డట్టు చిల్లులు, కంటికి ఎన్నడూ కనిపించనంత సన్నవి. పూత పైఅంచు నుంచి కొంత వెలుతురు తిరిగొస్తుంది, అడుగు నుంచి కొంత. మందం సరిగ్గా కుదిరితే ఒక అల లేచే చోట రెండో అల పడుతుంది. రెండూ ఒకదాన్నొకటి అణిచేసుకుంటాయి, వెలుతురు వెనక్కి రాకుండా లోపలికే పోతుంది. అప్పుడు అద్దం ఉందో లేదో కూడా తెలియదు. ఏటవాలుగా పట్టుకుని చూస్తే మాత్రం వంకాయ తొక్క మీద మెరుపులాగా లేత ఊదారంగు తోస్తుంది.

లావణ్య మా ఆఫీసులో బిల్లులు టైపు చేసే అమ్మాయి. బీర్కూర్ దగ్గర ఊరు. అమ్మానాన్నలిద్దరూ కూలిపని చేసి చదివించారు. నిరుడు చలికాలంలో తండ్రి గంగారాం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయనకున్నది ఒకే ఒక్క ఫొటో, చెరుకుతోటలో లావణ్య తన ఫోనులో తీసింది. మధ్యాహ్నపు ఎండ వెనకనుంచి కొట్టి మొహం నీడలో పడింది. మనిషి నలుపు, నీడ నలుపు. అలాంటి బొమ్మ మీద అద్దం పెడితే బొమ్మకన్నా అద్దంలో నీడలే ముందు కనబడతాయి.

ఒకరోజు భోజనాల దగ్గర లావణ్య అంది: "మేడం, మా అమ్మ రోజు ఆ ఫోటోతోని కొట్లాడుతది. అద్దంల మా ఇంటి దర్వాజ కనపడుతది, మా అమ్మ కనపడుతది, బాపు కనపడడు. పెత్రమాస వస్తున్నది. బాపు పోయినంక ఫస్టు పెత్రమాస. ఆ దినం అన్నం పెడితె ఎవరి మొహం చూసి పెట్టాలె అంటున్నది. మీరు చేసే అద్దం ఒక్కటి ఇయ్యరాదు?"

పెత్రమాస అంటే పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. పరీక్షలకు వాడి పక్కన పెట్టిన పలకలు మా దగ్గర చాలానే ఉంటాయి. మా ప్రయోగశాల పెద్దాయన అనుమతి తీసుకుని ఒకటి ఫొటో కొలతకు కోయించాను. ఇచ్చి పంపేదాన్నే. కానీ ఆ పిల్ల దాన్ని పుస్తకం పట్టుకున్నట్టు నాలుగు వేళ్లతో పట్టుకుంది. ఆ పలకను అంచులు పట్టుకునే ఎత్తాలి. "అబ్బే, నీవల్ల కాదు, నేనే వస్తా" అనేశాను.

ఒడిలో అద్దం

జూబ్లీ బస్టాండులో ఎక్కాం. తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. నా ఆధార్ మీద ఇప్పటికీ మా ఊరి చిరునామాయే. సగం జీవితం హైదరాబాదులోనే గడిపినా కార్డు మార్పించుకునే ఓపిక రాలేదు. కండక్టరమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి, "ఆంధ్ర అడ్రసు గద మేడం, పైసలే" అంది. బస్సులో ఆడవాళ్లందరిలో డబ్బులిచ్చి ఎక్కింది నేనొక్కదాన్నే. లావణ్య కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

అద్దాన్ని రెండు అట్టల మధ్య పెట్టి, పాత నూలుచీరలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాను. నర్సాపూర్ అడవి దాటేసరికి తొడలు తిమ్మిరెక్కాయి. మెదక్‌లో ఎక్కినావిడ ఒకతె నా పక్కన కూలబడి, చంకలో పిల్లవాణ్ణి సర్దుకుంటూ, చేతిలో కూరగాయల సంచీని చనువుగా నా అట్టల మీద పెట్టబోయింది. "అమ్మా, అద్దం!" అని అరిచాను. ఆవిడ ఉలిక్కిపడి, "గట్ల మొత్తుకుంటవేందమ్మ, చెప్తె పెట్టను గద" అంది. ఆమె మాటా నిజమే.  తర్వాత తనే సంచీలోంచి జామకాయ తీసి చీరకొంగుతో తుడిచి ఇచ్చింది. ఆ సంచీలో గుమ్మడికాయ ముక్క, చిక్కుడుకాయలు, తోటకూర ఉన్నాయి. అవన్నీ అయ్యగారికట, అంటే పురోహితుడికి. పెత్రమాస నాడు బియ్యం, పప్పు, కూరలు చనిపోయినవాళ్ల పేరు చెప్పి దానం ఇస్తారు. మా వైపు కూడా స్వయంపాకం ఇస్తాం గానీ, అది మగవాళ్ల వ్యవహారం. తర్పణాలు వదిలే వేళకు మేం వంటింట్లో ఉంటాం. పోయిన మా అత్తగారి తద్దినానికీ అంతేనని ఆవిడతో అన్నాను.

"మరి మీ అత్తకు ఎవరు ఇస్తరు?" అని అడిగిందావిడ.

"మా ఆయన."

"నువ్వియ్యవా? వండిపెట్టింది ఆమెకు నువ్వే గద ఇన్నేండ్లు?"

 ఎల్లారెడ్డిలో బస్సు ఆగితే ఉడికించిన మొక్కజొన్న కంకులు కొని ఆవిడకొకటి ఇచ్చాను. కంకి ఇరవై రూపాయలు. ఉప్పూ కారం రాసినందుకు ఇంకేమీ తీసుకోలేదు.

బాన్సువాడ

బస్టాండు బయట రోడ్డు పొడుగునా తంగేడు, గునుగు పూలు కట్టలు కట్టలుగా పోసి అమ్ముతున్నారు. మర్నాటి నుంచే బతుకమ్మ. ఈ సంగతి నేను ఎప్పట్నుంచో వింటున్నా, కళ్లతో చూసినప్పుడు విచిత్రంగా అనిపించింది. మా దగ్గర మహాలయ అమావాస్య అంటే ఇల్లంతా గుంభనంగా ఉంటుంది. ఏ శుభం తలపెట్టం. ఇక్కడ అదే రోజు పగలు పెద్దలకు అన్నం పెడతారు, పొద్దు వాలాక ఆడవాళ్లంతా కొత్తచీరలు కట్టి పూల చుట్టూ తిరుగుతూ పాడతారు. "ఏడ్చి వెంటనే పాడతారా?" అన్నాను. "ఏడ్సినోళ్లే మంచిగ పాడుతరు మేడం" అంది లావణ్య. అంతలోనే, "ఈ ఏడు మా అమ్మ ఆడదు లెండి" అంది. ఆ సంగతి నేను అడక్కుండా ఉండాల్సింది.

చాయ్ తాగాం. చిన్న గ్లాసు, పెద్ద తీపి. దుకాణాల్లో తెలుగూ ఉర్దూ పక్కపక్కనే నడుస్తున్నాయి. మహారాష్ట్ర అంచున ఉన్న మద్నూర్ నుంచి వచ్చిన లారీ డ్రైవరెవరో చాయ్‌వాలాతో మరాఠీలో పరాచికాలాడుతున్నాడు. నేను నోరు విప్పగానే మాత్రం, "మేడం, ఏ క్యాంపు మీది?" అన్నాడు చాయ్‌వాలా. నాకర్థం కాలేదు. నిజాంసాగర్ కాలవ కింద భూములు కొనుక్కుని ఎప్పుడో మా వైపునుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారట. నా యాసకి నేను ఆ ఊళ్లదాన్నని అనుకున్నాడు.

ఫ్రేముల దుకాణం

ఫ్రేములు కట్టే జబ్బార్ భాయ్ దుకాణం పెద్ద గదేమీ కాదు. గోడలనిండా దేవుళ్లూ మక్కా మసీదూ పెళ్లిజంటలూ పోయినవాళ్లూ. లావణ్య తల్లి సాయవ్వ ముందురోజే పండుగ సామాన్లకని వచ్చి, గంగారాం ఫొటోని ఇక్కడ ఇచ్చి వెళ్లింది. జబ్బార్ భాయ్ అప్పటికే పాత అద్దం తీసేసి, ఫ్రేము తుడిచి ఉంచాడు.

నేను అట్టలు విప్పి, చేతితొడుగులు తొడుక్కుని, అద్దాన్ని అంచులు పట్టుకుని పైకి తీశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు.

"మేడం, దీంట్ల గ్లాస్ ఉందా? ఉత్తగ చేతులు లేపినట్టుంది గద."

నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. ఇన్నేళ్లలో మా పూత గురించి విన్న పొగడ్తలన్నీ కాగితాల మీదివి. వీధిలో ఒక మనిషి నోటివెంట వినడం ఇదే మొదలు. ఆయన చేత కూడా తొడుగులు వేయించి, పక్కన నిలబడి బిగింపించాను. మేకు కొట్టిన ప్రతిసారీ పళ్లు బిగపట్టాను. "అరె, ఇంత ఫికర్ ఎందుకు మేడం, పెండ్లిపిల్లను ఎత్తినట్టు ఎత్తుతున్న" అన్నాడాయన.

పని అయ్యాక ఫ్రేమును బల్ల మీద ఆనించి పెట్టాడు. పైన ట్యూబులైటు వెలుగుతున్నా దాని గీత ఎక్కడా కనిపించలేదు. చెరుకు ఆకులు, వాటి ముందు గంగారాం. లావణ్య చేత్తో నోరు మూసుకుంది. సరిగ్గా అప్పుడే, దారినపోయే పెద్దమనిషి ఒకాయన లోపలికి తొంగిచూసి, "గ్లాస్ ఎయ్యలేదా భాయ్?" అంటూ వేలితో గంగారాం భుజం మీద పొడిచాడు.

నేను వేసిన కేకకి పక్క దుకాణంవాళ్లు బయటికొచ్చారు. పాపం ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. ఆయన వేలు తగిలినచోట జిడ్డు మరక, ఆ మరకలో ట్యూబులైటు తునక ఒకటి తళుక్కుమంది. వేలికున్న నూనె పూతలో చిల్లుల్లోకి దిగితే ఇంతే. చిల్లులు పూడిపోతాయి, ఆ మేరకు పూత ఉండీ లేనట్టే, అది మళ్లీ మామూలు అద్దమైపోతుంది. వెంటనే చూశాం కాబట్టి దూదితో, స్పిరిట్టుతో మెల్లగా అద్ది తీశాను. పదేపదే ఇలా అయితే తుడవడానికి పూతే మిగలదని లావణ్యకు చెప్పాను.

"తాకితె ఖరాబైతదా?" అంది. మొహం ఎలాగో అయింది.

"అవుతుంది. అందుకే చెబుతున్నా."

"మేడం…"

"ఏంటి?"

"ఏం లే."

నేను మళ్లీ అడగలేదు. బీర్కూర్ బస్సు పోతుందేమోనన్న తొందర నాది. జబ్బార్ భాయ్ పాత అద్దం ఏం చేయాలని అడిగితే, "ఎందుకిక, పారేయండి" అన్నాను.

బీర్కూర్ దారి

రెండువైపులా వరి. పొట్టకొచ్చిన చేలు, మధ్యమధ్య చెరుకు, గట్ల మీద కొంగలు. కాసేపు నేను కోనసీమలో ఉన్నాననిపించింది, కొబ్బరిచెట్లు లేవంతే. బస్సులో క్యాంపులో ఉండే ఒక ముసలావిడ నా మాట విని, "మీదే ఊరండీ?" అని పలకరించింది. పుట్టింది ఇక్కడే, తాతల ఊరు తణుకు దగ్గరట, ఒక్కసారే చూసిందట. నాతో "అండీ" "ఆయ్" అని మాట్లాడుతూ, మధ్యలో కండక్టరు వైపు తిరిగి, "ఏందన్నా, గా మూలమీద జర ఆపు, సంచి బరువున్నది" అంది. ఒక్క నోట్లో రెండు ఊళ్లు. దిగబోతూ నా ఒళ్లో ఉన్నదేమిటని అడిగింది. ఎవరి ఫొటో అని చెబితే, "గంగారామా! మా చేలో నాటుకి వచ్చేవాడండీ, నీళ్లు మళ్లించడంలో బంగారం" అని ఆ గుడ్డ మూటకే దణ్ణం పెట్టింది.

సాయవ్వ ఇల్లు

రెండు గదుల స్లాబు ఇల్లు. తూర్పు వాకిలి. వాకిలికి ఎదురుగోడకు, నడుమెత్తున ఒక గూడు. గంగారాం చోటు అదే. మా ఇంట్లో పోయినవాళ్ల ఫొటోలు పైకప్పు దగ్గర వరసగా, ముందుకు వంగి ఉంటాయి. దుమ్ము దులపాలంటే స్టూలు కావాలి. ఇక్కడ ఇంత కిందికి ఎందుకు పెట్టారో అనుకున్నాను. వాకిలి వెలుతురు సూటిగా పడుతుంది కనక, అద్దంలో వాకిలి తప్ప ఇంకేం కనబడుతుంది, నా బుర్రకు తోచింది అదొక్కటే.

సాయవ్వ నాకంటే చిన్నదే, కానీ ఎండలు ఆమెను ముందే ముదిర్చాయి. కాళ్లకు నీళ్లిచ్చింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన ఎండుమిరపకాయ పెట్టింది. మా వైపు పచ్చిపులుసు అంటే ఏ కూరా లేనినాటి సర్దుబాటు. ఇక్కడ ఉల్లిపాయ నలిపి, నువ్వులపొడి వేసి చేస్తే అదే విందు. నేను మూడోసారి పోయించుకుంటుంటే గంగారాం అక్క లస్మవ్వ, "మేడం మనసొంటిదే" అంది, మనలాంటిదేనని.

అన్నం తిన్నాక ఫ్రేమును విప్పి గూట్లో పెట్టాను. పొద్దు వాలుతోంది, వాకిట్లో ఇంకా వెలుతురుంది.

సాయవ్వ రెండడుగుల దూరంలో ఆగిపోయింది. ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత తల పక్కకు వంచింది, వాకిలి నీడ తప్పించుకోవడానికి రోజూ వంచే అలవాటు కాబోలు. తప్పించుకోవడానికి అక్కడ నీడే లేదు.

"లావన్యా," అంది మెల్లగా, "మీ బాపు నవ్వుతుండే."

"అవునమ్మా. నేనే నవ్వమన్న."

"నాకెన్నడు కనపడలే బిడ్డా. కోపంగున్నడనుకున్న. నేను దవాఖానకు జల్ది తోల్కపోలే అని కోపమున్నదేమో అనుకున్న."

లస్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్లు నిండాయి, దాచుకోవడమెందుకు. రాత్రనక పగలనక మేం పూసే ఈ పూతతో కళ్లజోళ్లు, కెమెరాలు, సోలార్ కరెంటు పలకలు బాగుపడతాయని రాసుకుంటాం. ఒక భార్య తన మొగుడికి తనమీద కోపం లేదని తెలుసుకుంటుందని ఎక్కడా రాయలేదు.

సాయవ్వ దగ్గరికి వెళ్లింది. చెయ్యి చాచింది.

"అయ్యో, తాకొద్దమ్మా!"

నా నోట్లోంచి వచ్చేసింది. ఇన్నేళ్ల అలవాటు. ఆమె చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి పోయింది. నేను తడబడుతూ మళ్లీ అంతా చెప్పుకొచ్చాను, చిల్లులు, నూనె, మరక. బాగా విని తలూపింది. "తాకను మేడం. ఇంత దూరం మోసుకొచ్చినవ్, నేనెందుకు ఖరాబు చేస్త" అంది. ఆ సాయంత్రమంతా ఫొటో ఎదురుగా గోడకానుకుని కూర్చుంది. నేను సంతోషంగా పడుకున్నాను. ఆమె రెండు చేతులూ చంకల్లో బిగించి పెట్టుకుందని చూశాను గానీ, చలేమో అనుకున్నాను.

పెత్రమాస

పొద్దున్నే ఇల్లంతా వాసన. గారెలు, పప్పు, గుమ్మడికాయ కూర, పాయసం. గంగారాంకి ఇష్టమని నిజాంసాగర్ చేపల పులుసు కూడా. తద్దినం రోజున చేపలేమిటని నా లోపలి గోదావరిది ఒకతె గొణిగింది. ఆయనకిష్టమైంది ఆయనకు పెట్టకపోతే ఇక ఈ పండుగెందుకని ఇంకొకతె అంది. అయ్యగారికి బియ్యం ఇచ్చి వచ్చారు. సాయవ్వ తలస్నానం చేసి, ఫొటోను గూట్లోంచి అంచులు పట్టుకుని దించి పీట మీద పెట్టింది, నేను చూపించినట్టే. విస్తరి వేశారు. లస్మవ్వ కుంకుమలో రెండు చుక్కల నూనె వేసి కలిపి గిన్నె సాయవ్వ ముందుంచింది.

"పెట్టు. బొట్టు పెట్టనిది అన్నమెట్ల పెడుతం."

అప్పుడు తెలిసింది నాకు. రోజూ పొద్దున సాయవ్వ ఫొటో తుడిచి, నుదుటిమీద గంధం, కుంకుమ పెడుతుంది. గూడు నడుమెత్తున ఉన్నది అందుకే. ముందురోజు దుకాణంలో లావణ్య మింగేసిన మాట అదే. మా పైకప్పు ఫొటోలకు ఏడాదికోసారి దండ మారుస్తాం, అంతే. ఫొటోకి చేతులతో పనుంటుందని నాకు తట్టనే లేదు.

సాయవ్వ వేలు కుంకుమలో ముంచి నావైపు చూసింది. "మేడం, యాడ పెట్టాలె?"

"ఫ్రేముకు పెట్టండి. పైన, సరిగ్గా నుదుటి మీదుగా."

"కట్టెకు పెడుతరా బొట్టు? మనిషికి పెడుతరా?" అంది లస్మవ్వ.

"ఊకో వదినా," అంది సాయవ్వ. చెక్క మీద బొట్టు పెట్టింది. వేలు అక్కడే ఆగింది, నుదుటికి బెత్తెడు పైన.

 ఏదో ఒకటి అనాలని, "ఇంకో కాపీ తీయించి మామూలు అద్దం వేయించి పంపుతాను. దాన్ని రోజూ తుడుచుకోండి, బొట్టు పెట్టుకోండి. ఇది చూసుకోవడానికి" అన్నాను.

"ఇద్దరిని పెట్టుకోవాల్నా ఇంట్ల?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

"అది కాదమ్మా. చూడండి, ఎంత బాగా కనపడుతున్నారో."

"కనపడుతుండు మేడం. దవాఖానల గూడ మంచిగనే కనపడ్డడు."

 ఆమే చెప్పింది, ఫొటో మీదనుంచి చూపు తిప్పకుండా.

"పట్నంల పెద్ద దవాఖాన. అద్దాల అర్ర. ఆయన లోపల, నేను బయట. ఎంత సాఫుగున్నదో అద్దం, గడ్డం పెరిగింది గూడ కనపడె. నర్సమ్మ మంచిదే, రోజు నన్ను అద్దం కాడికి రానిచ్చేది. తాకొద్దమ్మా, నీ చేతుల ఏమన్న ఉంటె ఆయనకు అంటుకుంటది అనేది. ఆయన మంచికే గద అని నేను తాకలే. ఆయన చెయ్యి గిట్ల లేపిండు ఒకనాడు. నేను చూసిన, తాకలే. అట్లనే పాయె. ఇంటికి తెచ్చినంక తాకిన, గని అప్పటికి ఆయన లేడు." విస్తరి అంచు సర్దింది. "పాత అద్దంల కనపడకపోయినా, రోజు పొద్దుగాల మొహం తుడిచేదాన్ని మేడం. గదొక్కటున్నది నాకు."

"అమ్మా, ఇది నాకెన్నడు చెప్పలే" అంది లావణ్య. ఏడుస్తోంది.

 పొద్దుటినుంచీ ఆ అద్దం ఎలా కాపాడాలా అన్నదే నా ధ్యాస. సిగ్గేసింది. లేచి ఆమె పక్కన కూర్చున్నాను.

"పెట్టు సాయవ్వా. ఆయనకే పెట్టు."

"ఖరాబైతది గద?"

"అవుతుంది."

"తాకకుంటె ఎన్నొద్దులుంటది?"

"చాలా ఏళ్లుంటుంది."

"తాకితె?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "రోజూ తుడిస్తే కొన్ని వారాలు. తర్వాత మామూలు అద్దమే. మళ్లీ వాకిలే కనబడుతుంది."

ఆమె చాలాసేపు గంగారాంని చూసింది. ఆ నవ్వును, ఆ కనుబొమలను, చొక్కా పైగుండీ దగ్గర కుట్టిన వేరే రంగు దారాన్ని. ఒక్కొక్కటీ చూసి లోపల పెట్టుకుంటున్నట్టు చూసింది. లస్మవ్వ కూడా తొందరపెట్టలేదు. బయట ఎవరింట్లోనో అప్పుడే పూలు పేరుస్తున్నట్టున్నారు, ఆడపిల్లల మాటలు వినబడుతున్నాయి.

"నవ్వుతుండని తెలిసె. ఇగ నాకు యాదికుంటది" అంది సాయవ్వ.

కుంకుమ వేలితో నుదుటిమీద బొట్టు పెట్టింది. ఆ తర్వాత, నేను ఊహించనిది, అరచెయ్యి మొత్తం ఆయన మొహం మీద ఆనించింది. నుదుటినుంచి గడ్డం దాకా మెల్లగా నిమిరింది. ఒకసారి కాదు. కుంకుమా నూనే ఆమె చేతి చెమటా అద్దమంతా పరుచుకున్నాయి. చెయ్యి తీసినచోటల్లా వాకిలి వెలుతురు వచ్చి కూర్చుంది, నవ్వు దాని వెనక్కి పోయింది. నా కళ్లముందే పూత పోయింది. నేను దూది తీయలేదు.

సాయవ్వ ఆ చేతిని తన చెంపకు ఆనించుకుంది. కుంకుమ అంటింది. తుడుచుకోలేదు.

"ఇగ అన్నం పెట్టు బిడ్డా," అంది లావణ్యతో, "బాపుకు ఆకలైతుండొచ్చు."